బీరు తోడు, వదిన తుంటి నొప్పి

నవంబర్ 17, ఆదివారం

పత్రిక వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీలో సగం నా ఫోటోనే. బీరు కొట్టంలో రాగి గంగాళం పక్కన నిలబడి ఉన్నాను, చేతిలో పొడుగు గరిటె. పైన పెద్ద అక్షరాలతో "పిలిస్తే లేచే ఈస్ట్" అని పెట్టారు. కింద "వోస్ లోయలో తాతల నాటి ఈస్ట్‌ను ఒంటిచేత్తో కాపాడుతున్న హల్వార్" అని. ఒంటిచేత్తో అని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ పత్రిక అమ్మాయి బెర్గెన్ పట్నం నుంచి అంతదూరం కారేసుకుని వచ్చింది, ప్రతి మాటకూ అడ్డుపడితే ఏం బాగుంటుంది?

ఫోటోలో మా ఆవిడ రాన్వేగ్ కూడా ఉంది. కుడివైపు చివర వాఫుల్స్ పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఆమెదే. ఉంగరం చూస్తే తెలిసిపోతుంది.

మొత్తం చదివి వినిపించాను. కిటికీ దగ్గర స్వెటర్ అల్లుకుంటూ విన్నది. "ఈస్ట్‌కు యజమాని చెయ్యి తెలుసు" అని నేను చెప్పిన చోట మాత్రం సూదుల చప్పుడు ఆగింది.

"ఎలా రాసింది?" అని అడిగాను.

"చాలా బాగా రాసింది. నువ్వు చెప్పినట్టే రాసింది" అన్నది. పత్రికను నాలుగు మడతలు పెట్టి కట్టెల బుట్టలో వేసింది. తర్వాత నేను తీసి సాపు చేసి దాచుకున్నాను.

భోజనాలయ్యాక పెట్టె సర్దుకుంది. వాళ్ళక్క ఓసాకు తుంటి నొప్పిగా ఉందట, కొన్నాళ్ళు సాయంగా ఉండి వస్తుందట. ఓసా వదిన ఇల్లు సరస్సుకు అవతలి ఒడ్డునే. మా వంటింటి కిటికీలోంచి ఆ ఇంటి దీపం కనిపిస్తుంది.

"ఎన్నాళ్ళుంటావు?"

"తుంటి తగ్గేదాకా."

ఓసా వదినకు తుంటి నొప్పి ఉన్నట్టు ఎప్పుడూ వినలేదు. మొన్న బుధవారం నిచ్చెనెక్కి ఆపిల్ చెట్టు కొమ్మలు కొట్టుకుంటూ కనిపించింది. దానివల్లే వచ్చి ఉంటుంది.

నవంబర్ 18

తుంటి ఇంకా తగ్గలేదట.

నవంబర్ 24, ఆదివారం

వారం రోజులుగా ఉడకబెట్టిన బంగాళాదుంపలు, ఉప్పుచేప. నాకు ఇష్టమే. మగవాడు ఒక్కడే ఉన్నప్పుడు ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. వాడేది ఒకే పళ్ళెం.

ఈ రోజు ఒక సంగతి గమనించాను. పొయ్యి పైనున్న మేకు ఖాళీగా ఉంది. ఈస్ట్ దండ అక్కడ లేదు. పత్రికలో సగం పేజీ దాని గురించే ఉంది: మా తాత చెక్కిన నలభై చెక్కముక్కల దండ అనీ, బీరు పొంగేటప్పుడు దాన్ని నురగలో ముంచి ఆరబెడతారనీ, సందుల్లో ఎండిన ఈస్ట్ మళ్ళీ పండగదాకా హాయిగా నిద్రపోతుందనీ. నేను చెప్పిందే. ముంచేది రాన్వేగ్. ఎప్పుడు ముంచుతుందో, ఎక్కడ ఆరబెడుతుందో నేనెప్పుడూ చూడలేదు. అదంతా చిల్లర పని.

పండగకు ముందు శుభ్రం చేయడానికి తీసి ఎక్కడో పెట్టి ఉంటుంది. ఈస్ట్ దండను ఎవరూ శుభ్రం చేయరే అని ఒక్క క్షణం అనిపించింది. ఆమె సర్దుళ్ళకు అంతూ పొంతూ ఉండదు.

నవంబర్ 30, శనివారం

దుకాణంలో తొర్‌స్టైన్ కనిపించాడు. మా పక్క పొలం వాడు, చిన్నప్పుడు నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివాడు, చదివాడనడానికి లేదు, కూర్చున్నాడు.

"ఏరా, పేపర్లో పడ్డావు. ఇక మాతో మాట్లాడతావా?" అన్నాడు.

"అడిగితే మాట్లాడతాను."

"ఎప్పుడేస్తున్నావు కేక? తోమాస్ రోజు దగ్గర పడుతోంది."

బీరులో తోడు పోసేటప్పుడు వేసే కేక గురించి వాడు అడిగేది. డిసెంబర్ 21 తోమాస్ రోజు. ఆ రోజుకు పండగ బీరు తాగడానికి సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత పొయ్యి వెలిగించి బీరు కాచేవాడు ఈ లోయలో ఇంతవరకూ లేడు, నేను మొదటివాణ్ణి కాదలుచుకోలేదు.

"పద్దెనిమిదిన" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"రాన్వేగ్ వచ్చేస్తుందన్నమాట."

"బీరు కాచేది నేను" అన్నాను.

"అవునవును, పేపర్లో చదివాను" అన్నాడు. వాడి నవ్వు నాకు నచ్చలేదు.

దండ ఇంకా దొరకలేదు. నేలమాళిగలో జామ్ సీసాల వెనక మాత్రం ఒక సీసా దొరికింది. అడుగున ఎండు ఈస్ట్ పలుకులు. మూత మీద రాన్వేగ్ చేతిరాత: 2009. పదిహేనేళ్ళంటే ఈస్ట్‌కు ఒక కునుకు. పత్రిక అమ్మాయికి ఈ మాట నేనే చెప్పాను, ఆమె రాసుకుంది కూడా.

డిసెంబర్ 4, బుధవారం

ముందుగా ఒకసారి తోడు పెట్టి చూసుకుందామనిపించింది. అవసరమై కాదు, సరదాకు. గుప్పెడు మొలకెత్తించిన బార్లీ మాల్టు కాచి, రసం వడకట్టి, గోరువెచ్చగా చేసి, గిన్నెలో పోసి, సీసాలోని పలుకులు సగం చల్లాను.

మామూలుగా గంటలో గిన్నె అంచు వెంట తెల్లటి గీత కడుతుంది. రెండో గంటకు నారింజ తొక్క వాసన. మూడో గంటకు పొంగు. అప్పుడు రాన్వేగ్ ఆ గిన్నె కొట్టంలోకి తెచ్చి "ఊఁ, పద" అంటుంది. నేను పీపాలో పోసి కేక వేస్తాను. ఏటా ఇంతే. ఇందులో తెలియాల్సింది ఏముంది?

మూడు గంటలు చూశాను. గీత లేదు. చలి ఎక్కువగా ఉంది.

డిసెంబర్ 5

ఒక బుడగ వచ్చింది.

డిసెంబర్ 6, శుక్రవారం

ఆ బుడగ చెంచాతో కలిపినందుకు వచ్చిందనుకుంటాను. ఎందుకంటే కలపడం మానేశాక రాలేదు.

ఉన్ని మేజోళ్ళు ఎక్కడున్నాయో అడగడానికి ఓసా వదిన ఇంటికి ఫోన్ చేశాను. రాన్వేగ్ ఎత్తింది.

"రెండో సొరుగులో. ఎప్పుడూ అక్కడే."

"దొరికాయి. ఇంకేంటి? తుంటి ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

"సరే. అన్నట్టు, ఎవరో అడిగారు, పేపర్ చదివినవాళ్ళు. తోడు లేవకపోతే ఏం చేయాలి అని."

వెనక ఓసా వదిన దగ్గడమో నవ్వడమో వినిపించింది.

"అంతా పేపర్లోనే ఉందిగా. మళ్ళీ ఒకసారి చదువుకోమను" అన్నది రాన్వేగ్.

మేజోళ్ళు నా కాళ్ళకే ఉన్నాయి.

డిసెంబర్ 9, సోమవారం

చలే కారణం. అందులో అనుమానం లేదు. కాబట్టి ఈసారి గిన్నెను పొయ్యి అంచున పెట్టాను. మన ఈస్ట్‌కు వేడి ఇష్టం. బయటివాళ్ళ ఈస్ట్ ఆ వేడికి చస్తుంది, మనది ఆవులిస్తుంది.

ఆ సమయానికే తొర్‌స్టైన్ ఫోన్ చేశాడు. వాళ్ళ మరదలు కూడా పేపర్ చదివిందట. ఫోటోలో నేను పదేళ్ళు చిన్నగా కనిపిస్తున్నానని ఆమె అన్న మాట వాడు మొదటిసారి సరిగ్గా చెప్పలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను. తిరిగి వచ్చేసరికి గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. వేలు పెట్టి తీసేశాను, కాలింది.

ఆవిరి వచ్చినంత మాత్రాన చచ్చిపోయిందని కాదు. కాస్త అలిసిపోయి ఉంటుంది.

డిసెంబర్ 10

అలిసిపోయే ఉంది.

డిసెంబర్ 17, మంగళవారం

రేపే కాచడం. కొండ వాలున జూనిపర్ పొదల కొమ్మలు కొట్టుకొచ్చాను, రెండు మోపులు. గంగాళం తోమాను. కట్టెలు పేర్చాను. పీపాను వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాను. ఈ పనులన్నీ నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. చెయ్యి దానంతటదే పోతుంది.

సీసా అడుగున ఇంకా మూడు చెంచాల పలుకులున్నాయి. గిన్నెలో సరదాకు లేవకపోవడం వేరు, పీపా నిండా తియ్యటి రసం చూస్తే లేవడం వేరు. ఈస్ట్‌కు కూడా పౌరుషం ఉంటుంది.

సరస్సు అవతల దీపం తొందరగా వెలిగించారు ఈ రోజు.

డిసెంబర్ 18, బుధవారం

తెల్లవారుజామునే పొయ్యి రాజేశాను. జూనిపర్ కొమ్మలు మరిగిన నీళ్ళు తేయాకు రంగుకొచ్చాక మాల్టు కలిపి, ఊరనిచ్చి, రసం దించి, మళ్ళీ నాలుగు గంటలు మరిగించాను. రసం ఎర్రగా, చిక్కగా, ఏ వంకా పెట్టడానికి లేకుండా వచ్చింది. ఇంత మంచి రసం గత పదేళ్ళలో కాచలేదు. ఇది నిజం, ఎవరూ లేనిచోట గొప్పలు చెప్పుకోను.

పీపాలోకి దించడానికి తొర్‌స్టైన్ సాయం వచ్చాడు. తోడు గిన్నె పొద్దున్నే పెట్టి, నా పాత కోటు చుట్టి, మూల పెట్టాను. మధ్యాహ్నానికి తీసి చూస్తే పైన తెల్లగా ఏదో తేలింది.

"ఏంటది? నురగా?" అన్నాడు తొర్‌స్టైన్.

"మరేంటనుకున్నావు?"

"వాసన లేదే."

"నీకు జలుబు."

పీపాలో రసం మోచేయి ఓర్చుకునే వేడికి దిగింది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. కాసేపు అలాగే నిలబడ్డాను. "ఊఁ, పద" అనేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఎప్పుడు కదలాలో తెలియలేదు. తొర్‌స్టైన్ తలుపు తెరిచాడు, పొగ పోవడానికి. సరస్సు అవతల ఓసా వదిన వాకిట్లో ఎవరో నిలబడి ఉన్నారు. ఎర్ర శాలువా.

పోసేశాను. కేక వేశాను.

కేక పీపాకు వినపడితే చాలు, ఈస్ట్ బెదరకుండా ధైర్యంగా లేస్తుందని మా నాన్న అనేవాడు. దానికి బయటి దాకా వెళ్ళాల్సిన పని లేదు. నేను గుమ్మం దాటి, ఒడ్డు దాకా వెళ్ళి, అటు తిరిగి వేశాను. గొంతు చీరుకుపోయింది. అటు కొండ, ఇటు కొండ పలికాయి. లోయలో కుక్కలన్నీ మొరిగాయి.

ఇక ఎల్లుండి సాయంత్రం, కేక విన్న ప్రతివాడూ పిలవకుండానే గ్లాసు పట్టుకుని వస్తాడు. కేక అంటే పిలుపే. దాన్ని వెనక్కి తీసుకోవడం ఉండదు.

"ఏరా, తోడు లేచాకే కదా కేక వేసేది?" అన్నాడు తొర్‌స్టైన్.

"లేచింది" అన్నాను.

డిసెంబర్ 19, గురువారం, పొద్దున

లేవలేదు.

పీపాలో రసం అద్దంలా ఉంది. వంగి చూస్తే నా మొహం కనిపించింది, పేపర్లో కన్నా ఇరవై ఏళ్ళు పెద్దగా. గరిటె వేసి తీస్తే అడుగున బురద. ఈ రసం ఇంకొక రోజుకు మించి ఆగదు, పులుస్తుంది. మళ్ళీ కాచడానికి మాల్టు లేదు, రోజులూ లేవు. రేపు సాయంత్రానికి జనం వస్తారు.

తొర్‌స్టైన్ వచ్చాడు. పీపాలోకి చూశాడు. నా మొహం చూశాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వకుండా జేబులోంచి ఒక చిన్న ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"పోస్టులో వస్తుంది. వెయ్, ఐదు గంటల్లో పొంగుతుంది. మీద మన లోయ పేరే ఉంది చూడు."

"కొన్న ఈస్టా? మన లోయలోనా?"

"అరవకు. ఆరేళ్ళ నుంచి నేను వేసేది ఇదే."

"మీ నాన్న ఈస్ట్ ఏమైంది?"

"ఫ్రిజ్ మార్చినప్పుడు పోయింది. నేనూ మా ఆవిడా తప్ప ఎవరికీ తెలీదు. పోయినేడు నా బీరు తాగి నువ్వేమన్నావో గుర్తుందా? కళ్ళు మూసుకుని, 'తాతల నాటి ఈస్ట్ రుచే వేరురా' అన్నావు."

అన్నాను. గుర్తుంది. రెండో గ్లాసు కూడా అడిగాను.

"వేసెయ్" అన్నాడు వెళ్తూ. "నిన్న కేక వేశావు, రేపు బీరు పోస్తావు, మధ్యలో ఏం జరిగిందో ఎవడికి కావాలి?"

ప్యాకెట్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. వేస్తే పొంగుతుంది. పొంగుతుందన్నదే నాకు మింగుడుపడటం లేదు. ఎందుకో ఇక్కడ రాయడం కష్టంగా ఉంది.

కారు తాళాలు ఉప్పు డబ్బా పక్కన ఉన్నాయి.

అదే రోజు, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సరస్సు చుట్టి వెళ్ళేసరికి ఓసా వదిన వాకిట్లో గొడ్డలితో కట్టెలు కొడుతోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒక్కో దెబ్బకు దుంగ రెండు చెక్కలవుతోంది.

"వదినా, తుంటి ఎలా ఉంది?" అన్నాను.

"ఎవరి తుంటి?" అన్నది గొడ్డలి ఆపకుండా. వెంటనే గుర్తొచ్చి నడుం మీద చెయ్యేసుకుంది. "అబ్బో, చాలా నొప్పిగా ఉంది మరిదీ. లోపలికి పో. నిన్నటి నుంచి నీకోసం ఒకటే ఎదురుచూపులు. నావి కావులే."

రాన్వేగ్ బల్ల దగ్గర అల్లుకుంటోంది. తల ఎత్తలేదు. 

"నిన్న కేక విన్నాం."

"ఎలా ఉంది?"

"తలుపు సందులో నీ వేలు నలిగిందేమో అనుకున్నాం. అక్క అయితే, పోయి చూసొద్దామా అంది."

నేను కూర్చోకుండా నిలబడే చెప్పాను. "తోడు లేవలేదు."

"చలికేమో."

"చలికి కాదు."

"ఈస్ట్ మంచిది కాదేమో."

"రాన్వేగ్, నాకు తోడు పెట్టడం రాదు" అన్నాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు. "ముప్పై ఎనిమిదేళ్ళుగా పెట్టింది నువ్వు. దండ ముంచింది నువ్వు, ఆరబెట్టింది నువ్వు. నేను పోశాను, అరిచాను. ఆ అమ్మాయి ఈస్ట్ ఎవరు చూసుకుంటారని అడిగినప్పుడు నీ పేరు నాకు తోచలేదు. కాదు, తోచింది. చెప్తే నా ఫోటో చిన్నదైపోతుందనిపించింది. అందుకని చెప్పలేదు."

సూదులు ఆగాయి. గుమ్మంలో ఓసా వదిన కట్టెలు పట్టుకుని నిలబడిపోయింది, దించితే చప్పుడవుతుందని.

చేతి తొడుగులు తీస్తుంటే జేబులోంచి ప్యాకెట్ కింద పడింది. రాన్వేగ్ వంగి తీసి, అటూ ఇటూ తిప్పి చదివింది.

"తొర్‌స్టైన్ ఇచ్చాడా?"

"నీకు తెలుసా?"

"ఆరేళ్ళ నుంచీ తెలుసు. వాడి బీరు వాసన చూస్తే తెలియదూ?" ప్యాకెట్ నా ముందుకు తోసింది. "ఇది వేసేస్తే పోయేదిగా. ఎవరికీ తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు వేయలేదు?"

"దీంతో లేచిందనుకో, నువ్వు రానక్కర్లేకుండా పోతుంది" అన్నాను. "నువ్వు లేకుండా ఏడాదికో ప్యాకెట్‌తో బీరు కాచుకుంటూ, ఊరందరూ మెచ్చుకుంటుంటే, ఆ వంటింట్లో ఒక పళ్ళెం కడుక్కుంటూ ఉండాలి. నాకది వద్దు. నువ్వు కావాలి."

ఈ మాట మా పెళ్ళప్పుడు కూడా ఇంత స్పష్టంగా చెప్పినట్టు లేదు. ఆమె లేచి రొట్టెల డబ్బా తెరిచింది. లోపల, తెల్ల గుడ్డలో చుట్టి, దండ.

"మేకు ఖాళీగా ఉందని ఎన్నాళ్ళకు చూశావు?"

"వారానికి."

"వారమా! అక్కా, విన్నావా? నేను రెండు రోజులన్నాను."

"నేను పది రోజులన్నాను. నేనే దగ్గర" అన్నది ఓసా వదిన, కట్టెలు ధభాలున దించి.

"ఒకటి చెప్తున్నా విను" అన్నది రాన్వేగ్ కారెక్కుతూ. "నా తోడు పోస్తే మళ్ళీ కేక వేయాలి. తోడుకో కేక. ఊరంతా వింటుంది. నిన్నటిది ఉత్త కేక అని అందరికీ తెలిసిపోతుంది. తోమాస్ రోజు గ్లాసు పట్టుకుని వచ్చిన ప్రతివాడూ నిన్ను దాని గురించే అడుగుతాడు. చచ్చేదాకా అడుగుతారు."

"అడగనీ."

కొట్టంలో మళ్ళీ పొయ్యి రాజేసి, రసం వేడిచేశాను. ఆమె గిన్నెడు తీసుకుంది. మోచేయి ముంచి చూసింది. దండలో మూడు ముక్కల మీది ఈస్ట్ మాత్రం గోటితో గీకి వేసింది, మొత్తం కాదు.

"అన్నీ వేయొచ్చుగా, తొందరగా లేస్తుంది."

"ఉన్నదంతా ఒకేసారి ఇచ్చేయకూడదు."

గిన్నెను ఎర్ర శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మాటిమాటికీ చూడకు. నువ్వు గిన్నెను కలిపావు కదూ? చెంచాతో?"

"కొంచెం."

"పొయ్యి మీద కూడా పెట్టుంటావు."

"అంచున."

ఆమె నవ్వు ఆపుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఒక గంటకు గిన్నె నా చెవి దగ్గర పెట్టింది. ఎండుటాకుల మీద సన్నటి తుంపర పడుతున్నట్టు చప్పుడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ చప్పుడు నాకు పది అడుగుల దూరంలో జరిగింది, నేను ఒక్కసారి కూడా వినలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల కాదు.

"లేచింది. పోసేద్దామా?"

"ఆగు. ఇంకా ఎక్కుతోంది. ఎక్కడం ఆగకముందే పోయాలి, అప్పుడే దానికి రసం మీద ఆకలి ఉంటుంది. ఒకసారి కిందికి జారిందంటే ఇక బతిమాలుకోవాలి."

"ఎలా తెలుస్తుంది నీకు?"

"ఇన్నాళ్ళూ 'ఊఁ, పద' అని చెప్పింది నేనే కదా."

మూడో గంట నిండకముందే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి "ఊఁ, పద" అన్నది. గిన్నె అలవాటుగా నా చేతికిచ్చింది. నేను తిరిగి ఆమెకే ఇచ్చాను.

"నువ్వే పొయ్. కేక కూడా నువ్వే వెయ్యి."

"నేనా? నాకు రాదు."

"నాకు మాత్రం తోడు వచ్చా?"

పోసింది. గుమ్మం బయటికి వచ్చింది. గొంతు సవరించుకుంది, చుట్టూ చూసింది, అరవై నాలుగేళ్ళ మనిషి కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. తర్వాత వేసింది కేక. పైకప్పు మీది మంచు జారి నా మెడ మీద పడింది. అవతలి ఒడ్డు నుంచి ఓసా వదిన తిరిగి కేక వేసింది. తుంటి నొప్పి మనిషి వేసే కేక కాదది.

లోపల ఫోన్ మోగింది. తొర్‌స్టైన్.

"ఏరా, మీ ఇంట్లో ఎవర్నైనా చంపుతున్నారా?"

"తోడు పోశాం. బీరు ఎల్లుండి, తోమాస్ రోజుకి. అందరికీ చెప్పు."

"మరి నిన్నటి కేక?"

"నిన్నటిది నేను వేశాను. ఈ రోజుది బీరు చేసే మనిషి వేసింది" అన్నాను.

డిసెంబర్ 20

పీపా మూత లేచిపోయింది. ఇల్లంతా నారింజ వాసన. ఆమె పెట్టె మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, విప్పలేదు.

డిసెంబర్ 21, శనివారం, తోమాస్ రోజు

ముప్పై మంది వచ్చారు. రాన్వేగ్ చెప్పినట్టే అయింది. గ్లాసు చాపిన ప్రతివాడూ ముందు "వేలెలా ఉంది హల్వార్? వాపు తగ్గిందా?" అని అడిగాడు. తలుపు సందు మాట లోయంతా పాకించింది ఓసా వదినే. పాస్టర్ గారు కూడా అడిగారు. నేను వేలు చూపించాను. ఎలాగూ కాలిన మచ్చ ఉంది.

బీరు గురించి ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి గ్లాసు చాపడమే అనడం. 

తొర్‌స్టైన్ చివరిదాకా ఉన్నాడు. అందరూ వెళ్ళాక రాన్వేగ్ దగ్గరికి పోయి, టోపీ చేతుల్లో నలుపుతూ, "ఏం లేదమ్మా, రెండు పలుకులు" అన్నాడు.

"మీ నాన్న ఈస్ట్ బాగానే ఉందిగా" అన్నది ఆమె.

"బాగానే ఉంది. ఊరికే, పక్కన ఉంటుందని."

ఇచ్చింది. ఈస్ట్ అడిగితే కాదనకూడదు. కానీ పలుకులు మడిచి ఇచ్చింది వాడు నాకిచ్చిన ఆ కొన్న ఈస్ట్ ప్యాకెట్ కాగితంలోనే. తొర్‌స్టైన్ దాన్ని చూసి, చెవుల దాకా ఎర్రబడి, టోపీ తలకిందులుగా పెట్టుకుని వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 23, సోమవారం

శుక్రవారం పత్రిక అమ్మాయికి ఫోన్ చేసి ఒక తప్పు దిద్దాలని చెప్పాను. ఈ రోజు వేశారు. పద్నాలుగో పేజీ, అడుగున, రెండు లైన్లు: ఆ ఇంట్లో ఈస్ట్‌ను కాపాడుతున్నది రాన్వేగ్ అని, హల్వార్ కేకలు వేస్తాడని. "కేకలు వేస్తాడు" అని నేను చెప్పలేదు. కాదనడానికీ లేదు.

రాన్వేగ్ ఆ రెండు లైన్లూ చాలాసేపు చదివింది. పత్రికను ఈసారి కట్టెల బుట్టలో వేయలేదు. మధ్యాహ్నం పెట్టె అటకెక్కించమంది. నిచ్చెన తెచ్చి ఎక్కించాను, ఆమె మనసు మారకముందే.

దండ మేకు మీదికి వచ్చింది. చూస్తే పొట్టిగా ఉంది. లెక్కపెట్టాను, ఇరవై ముక్కలే.

"మిగతా సగం ఏది?" అన్నాను.

"అక్క దగ్గర. ఈస్ట్ అంతా ఒకే ఇంట్లో ఉంచడం మంచిది కాదు. అదీగాక మళ్ళీ తుంటి నొప్పి వస్తే నాకు అక్కడ ఏదో ఒక పని ఉండాలిగా."

"ఎప్పుడొస్తుందేమిటి మళ్ళీ ఆ నొప్పి?"

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసి, నా చెయ్యి పట్టుకుని కాలిన వేలు వెలుగులోకి తిప్పి చూసింది.

"అదంతా దీన్నిబట్టే ఉంటుంది" అన్నది. "యజమాని చెయ్యి కదా."